వద్దన్నది ఎవరు?

ఈ రోజు పొద్దున మా వీధిలో చీరలు నేసే నర్సమ్మక్క ఫోన్ పట్టుకొని వచ్చింది. ఆమెతో చీరలు నేయించుకునే హైదరాబాద్ దుకాణం నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్: "యువర్ ఆర్డర్ హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్." అది పెళ్లి చీర. మగ్గం మీద ఇక కొంగు ఒక్కటే మిగిలింది.

"ఆర్డర్ రద్దయిందట అక్కా" అన్నాను.

"ఎవరు చేసిండ్రు?"

"అది రాయలేదు."

"గదేంది? వాన పడ్డట్టు దానంతట అదే రద్దయితదా? ఎవరు వద్దన్నరో చెప్పమని రాయి తమ్ముడూ."

రాశాను. గంటకు దుకాణం ఆమె ఫోన్ చేసింది. "నేనే అక్కా. పెళ్లోళ్లు వేరే చీర కొన్నరు. నీకు చెప్పనీకి ముఖం చెల్లక గట్ల పెట్టిన."

"గిట్ల చెప్తే అయిపోతుండె గద! కొంగు నేసి తెస్త. కండ్లతో చూసి అప్పుడు వద్దను."

ఆమె సరేనంది. మధ్యాహ్నానికి మగ్గం మళ్లీ మొదలైంది.

మా నేత సంఘం ఉత్తరాలు రాసేది నేనే. "మీ ఫిర్యాదు లుక్డ్ ఇంటు అయింది" అని చాలామందికి రాశాను. చూసింది ఎవరని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీరైతే అడుగుతారా?