ఈత రాని జనరల్

మా ఆయన పెద్ద మిలిటరీ ఆఫీసరు. ఛాతీ మీద పతకాలు పెట్టడానికి చోటు చాలదు. ఇంట్లో మాత్రం బీరువా తాళం ఎక్కడ పెట్టారో ఏనాడూ గుర్తుండదు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఇరవై మూడు ఇళ్ళు మారాం. ఒక ఇంటి కిటికీకి సరిపోయిన పరదా ఇంకో ఇంటికి జానెడు తక్కువ. పెట్టెలు కట్టింది నేను, పేరు ఆయనది. పోనీలెండి.

ఆ పతకాల్లోకెల్లా పెద్దది కెప్టెన్‌గా ఉన్నప్పుడు వచ్చింది. గాయపడిన వైర్‌లెస్ సిపాయిని వీపున వేసుకుని, తూటాల మధ్య నది ఈదారని ప్రశంసాపత్రంలో రాశారు. చదివి నోరెళ్ళబెట్టాను. ఈయనకు ఈతా! నడుము లోతు నీళ్ళు చూస్తేనే కాళ్ళు వణుకుతాయి.

"నేను మోయడమేమిటే! వాడే నన్ను కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు" అన్నారు మొహం వేలాడేసి.

జరిగిందేమిటంటే, సిపాయికి పతకం ఇమ్మని ఈయనే సిఫారసు రాసిచ్చారు. పై ఆఫీసులో దాన్ని టైపు చేసిన హెడ్ క్లర్కు, ఆఫీసరును సిపాయి మోయడమేమిటి, పేర్లు తారుమారయ్యాయనుకుని ఎంతో శ్రద్ధగా సరిచేశాడట. ఆ మహానుభావుడికి వెయ్యి దండాలు!

దిద్దించాలని ఈయన బయల్దేరితే అడ్డం పడింది నేనే. "అచ్చయిపోయిందిగా, ఇప్పుడెందుకా గోల? మేజరయ్యాక చూద్దురుగాని" అన్నాను. మేజరయ్యారు, కర్నలయ్యారు, జనరలయ్యారు. ప్రతిసారీ నా దగ్గర ఏదో ఒక వంక సిద్ధంగా ఉండేది. పతకం వెనక్కి లాక్కుంటారని, నలుగురిలో తలెత్తుకోలేమని నా భయం. ఆయన సరేననేవారు గాని, అది పెట్టుకున్న రోజు అన్నం సయించేది కాదు.

రిటైరయ్యే రోజు ఆఫీసర్ల మెస్సులో వీడ్కోలు విందు. ఆ సిపాయిని భార్యతో సహా పిలిపించారు. అతనిప్పుడు ఒక బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు.

"యూనిఫాం ఒంటిమీద ఉండగానే చెప్పాలే. రేపు చెబితే ముసలాడి చాదస్తమంటారు" అన్నారు బొత్తాలు పెట్టుకుంటూ.

ఆనవాయితీ ప్రకారం ఒక కుర్ర కెప్టెన్ ఆ ప్రశంసాపత్రం చదవడం మొదలుపెట్టాడు. నది దగ్గరికి రాగానే ఈయన లేచి "ఆపు బాబూ" అన్నారు. ఒక్క కేకతో వెయ్యిమందిని కదిలించే మనిషి అక్కడే ఆగిపోయారు. నావైపు చూశారు.

"చెప్పండి" అన్నాను, కాస్త గట్టిగానే.

చెప్పేశారు. తనకు ఈత రాదని, భుజంలో తూటా దిగినవాడే తనను ఒడ్డుకు లాగాడని, పతకం అతనిదేనని. తీసి అతని కోటుకు గుచ్చారు.

"అప్పుడు మీరు నా జుట్టు పీకేశారు సార్, అదీ చెప్పండి" అన్నాడు సిపాయి. హాలంతా ఘొల్లుమంది.

నా పక్కనున్న అతని భార్య మాత్రం నవ్వలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"మా ఆయన ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నారమ్మా. కోతలు కొయ్యకండని నేనే నోరు మూయించాను" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మీ ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది నేనమ్మా" అన్నాను.