కొట్టివేసిన సాక్ష్యం

మా మండలంలో జనన, మరణ కాగితాలు ఆలస్యంగా రాయించుకోవాలంటే జనం మొదట నా గడపే తొక్కేవారు. అలాంటి నమోదుకు ఊరి పెద్దమనుషులు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. ఆ ఇద్దరిలో ఎప్పుడూ నేనొకడిని. మూడు వందల మందికి తక్కువ కాకుండా సంతకం పెట్టి ఉంటాను. సరే, మూడు వందలు కాదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పదకొండు తేలాయి. మండలం కూడా కాదు, మా ఊరు. అందులోనూ మా వాడ.

ఎవరు ఏ రోజు పుట్టారని అడిగితే, ఆ రోజు ఎవరి బర్రె ఈనిందో కూడా కలిపి చెప్పేవాణ్ణి. బర్రెలు నిజమే. రోజులే అప్పటికప్పుడు పుట్టేవి.

తెలంగాణ వచ్చి కొత్త పాసుపుస్తకాలు ఇస్తున్న కాలంలో మా చెల్లె వచ్చింది. తోడబుట్టినది కాదు, నా చిన్ననాటి స్నేహితుని భార్య. అతను పోయి అప్పటికే పదిహేనేళ్లు. రెండెకరాల చెలక ఇంకా అతని పేరు మీదే ఉంది.

"అన్నా, పట్టాదారును తోలుకరమ్మంటున్నరు, ఏలు పెట్టాల్నట. యాడికెంచి తోలుకరావాలె?" అంది.

"చచ్చిపోయిండని చెప్పలేదా?"

"చెప్పిన. కాగితమేదన్నరు."

కాగితం లేదు. ఊరంతా చూసిన చావుకు కాగితం కావాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఈలోపు గెట్టు పక్కవాళ్లు ఏటా ఒక సాలు లోపలికి దున్నుకొస్తున్నారు. భూమి పేరు మీదికి రానిదే ఆమె మాట వినే దిక్కు లేదు.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నేను లేనా? వాడు నా చేతుల మీదనే పాయె" అన్నాను.

ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది. నేను దాన్ని కృతజ్ఞత అనుకున్నాను.

విచారణకు మండలాఫీసు నుంచి గిర్దావర్ వచ్చింది. మా మనవరాలి వయసు పిల్ల. పంచాయతీ ఆఫీసులో బల్ల మీద ఫైలు పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికే రెండో సాక్షి, మా వాడ దర్జీ, తన మాట చెప్పేసి పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాడో కనుక్కోవాలన్న బుద్ధి నాకు ఉండాలి కదా. లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"మిట్టమధ్యాహ్నం బిడ్డా. ఎండ నిప్పులు చెరుగుతాంది. నాలుగూళ్ల జనం. వాని తల నా ఒళ్లనే ఉన్నది. పాడె ముందర నేనే పట్టిన. చెలక దాక భుజం మార్చలే."

కలం ఆగింది.

"తాతా, దర్జీ తాత వాన పడ్డదంటుండు. కట్టెలు తడిసి అంటుకోలేదంటుండు. పది మంది గూడ లేరంటుండు. నువ్వేమో ఎండంటవు. చచ్చింది ఒక్కడా, ఇద్దరా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

"గిట్లయితే ఫైలు వాపసు పోతది. మల్ల మొదటికెంచి తిరగాలె" అంది గిర్దావర్.

"పొద్దుగాల ఎండ ఉండె, తర్వాత వాన..." అని ఇంకొక అతుకు వేయబోయాను. దర్జీ, బట్టలకు అతుకులేసే మనిషి, ఆయన కూడా సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ చెల్లె కనబడింది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"నేను లేను బిడ్డా" అన్నాను.

"ఊళ్లె లేవా?"

"ఊళ్లెనే ఉన్న. ఇంట్ల గొంగడి కప్పుకొని పండుకున్న."

వాడు పోయిన రోజు పొద్దున మా ఇంటామె వాళ్లింటి నుంచి పరుగెత్తుకొచ్చి, "నిన్నడుగుతుండు, జెప్పన రా" అంది. జ్వరం అన్నాను. జ్వరం లేదు. పోతున్న మనిషిని చూడాలంటే నాకు భయం. మూడో రోజు గానీ బయటికి రాలేదు. ఆ తర్వాత హోటల్లో చాయ్ తాగుతూ ఆ చావు గురించి చెప్పిన ప్రతిసారీ పాడెకు ఒక అడుగు దగ్గర జరిగాను. పదిహేనేళ్లలో అది నా భుజం మీదికే వచ్చింది.

గిర్దావర్ నా మాటల మీద అడ్డంగా గీత కొట్టింది. "ఇంకో సాక్షి కావాలె. గా దినం దగ్గర ఎవరున్నరు?"

"అక్క ఉన్నది. పొద్దటి సంది ఉన్నది" అంది చెల్లె, గుమ్మం వైపు చూపిస్తూ.

గుమ్మంలో మా ఇంటామె నిలబడి ఉంది. పదకొండు సంతకాల కాలంలో ఏ ఒక్కసారీ ఆమెను అడగాలని నాకు తోచలేదు. పెద్దమనుషులంటే మగవాళ్లే అనుకున్నాం. ఆమె లోపలికి వచ్చింది గానీ కుర్చీలో కూర్చోలేదు.

"బోనాలయిన వారానికి, మంగళారం. ముసురు వట్టి ఉండె. గొడ్లు బయలెల్లినంక పాణం పోయింది. రెండుమాట్ల నీళ్లడిగిండు, పోసిన. ఒక్కమాటు ఈయన్ని అడిగిండు."

గిర్దావర్ తల ఎత్తింది. "గది గూడ రాయాల్నా అవ్వా?"

"వద్దు బిడ్డా. గది సర్కారుకెందుకు?"

వేలిముద్ర వేసి, వేలు గోడకు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ దారి పొడుగునా నేను ఆమె వెనకే నడిచాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. చెల్లె దాన్ని చీర కొంగులో చుట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సదువన్నా. ఉన్నదే సదువు."

అద్దాలు పెట్టుకున్నాను. పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన తేదీ. చదవడం ఒక్క ఊపిరిలో అయిపోయింది. ఆమె ఇంకా వింటున్నట్టే నిలబడింది.

"గంతేనా? ఇంకేం రాయలేదా?"

నాలుక దురద పెట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"రాయలేదు చెల్లె. గంతే."

కాగితం తీసుకుని, మడత మీద మడత వేసి కొంగున ముడేసుకుని, మండలాఫీసుకు పోయే బస్సు తప్పిపోతుందని గబగబా వెళ్లిపోయింది.