మేవిస్ మార్చనివ్వని సోమవారం

ఇంగ్లండ్ ఉత్తరాన మా డర్హమ్ బొగ్గుగనుల ఊళ్ళో మేవిస్ హైండ్‌మార్ష్‌కి మొండిఘటం అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముప్పయ్యేళ్ళుగా ఆమె గోడ పక్కింట్లో కాపురం చేస్తున్నదాన్ని, నాకా హక్కు ఉంది. ఆ మొండితనమే లేకపోతే 2022 సెప్టెంబరులో, బ్రిటన్ దేశమంతా ఒక శవపేటిక చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, మా వీధిలోంచి ఇంకో శవపేటిక కదిలేదే కాదు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. చిన్నప్పుడే గని క్యాంటీన్లో వడ్డనకి చేరింది. అక్కడ రోజూ పళ్ళెం ముందుకు చాపి, మాటా పలుకూ లేకుండా నిలబడే నార్మన్‌ని చూసి, "నీకు నోరుందా, కళ్ళతోనే తింటావా?" అని అడిగిందట. ఆయన జవాబు చెప్పడానికి చాలా రోజులు పట్టిందనీ, ఆ జవాబే పెళ్ళి మాట అనీ తనే నవ్వుతూ చెప్పేది. పిల్లలు కలగలేదు. దానికి ఎవరైనా అయ్యో అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది.

గనుల సమ్మె జరిగిన ఏడాదంతా యూనియన్ హాలు వెనక ఊరి పిల్లలకి సూపు కాచింది. పక్కన కూర్చుని కూరలు తరిగిన మనిషి గ్లెండా. మా వీధి మిట్ట ఎక్కేచోట ఆమె ఇల్లు. పొడుగరి, నిదానస్తురాలు, రాణిగారంటే పంచప్రాణాలు. అల్మారా నిండా రాణి బొమ్మ ఉన్న కప్పులే. నార్మన్ ఆమె ఇంటికి టీకి వెళ్తే, "ఎవరి మొహమూ లేని కప్పుంటే ఇయ్యమ్మా గ్లెండా" అనేవాడు. ఆమె మూతి ముడుచుకునేది, వంటింట్లోకి వెళ్ళి వెతికి మరీ తెచ్చేది.

మేవిస్ సంగతి తెలియాలంటే బస్ స్టాప్ గొడవ చెప్పాలి. మా వీధి చివరి స్టాప్ ఎత్తేశారని, బస్సు మిట్ట కింద ఆగి, మా దగ్గర ఆగకుండా పైకి వెళ్ళిపోతుందని కబురొచ్చింది. కీళ్ళనొప్పుల ముసలివాళ్ళంతా తిట్టుకుంటూ నడిచారు. మేవిస్ నడవలేదు. సంచీ చేత్తో పట్టుకుని, పాత స్టాప్ ఉన్నచోట రోడ్డు మధ్య నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "కొట్టు నాయనా, నాకు ఎలాగూ సరిగా వినబడదు" అంది. అలా చలికాలమంతా నిలబడింది, చివరికి బస్సు ఆగడం అలవాటు చేసుకుంది.

2022లో ఎండలు మొదలయ్యేసరికి నార్మన్ చిక్కిపోవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో కూరగాయల పోటీకి పెంచే లావుపాటి ఉల్లికాడలకి నీళ్ళు పోయడానికి తోటకి వెళ్ళి, పొట్ట పట్టుకుని వెనక్కి వచ్చేవాడు. పెద్దాసుపత్రిలో స్కానింగుకి జూన్ మూడో తేదీ ఇచ్చారు. తరవాత ఫోన్ చేశారు. రాణిగారు గద్దె ఎక్కి డెబ్భై ఏళ్ళయిన ఉత్సవాలకి ఆ రోజు సెలవట, ఖాళీ లేదట, మళ్ళీ ఆగస్టులోనట. నార్మన్ "సరేలెండి, పరవాలేదు" అని ఫోన్ పెట్టేశాడు. జీవితమంతా ఆయన అన్నమాట అదే.

జూన్ మూడున మా వీధంతా బల్లలు వేసి పండగ చేశాం. జెండాలు, పాటలు, గ్లెండా చేసిన పెద్ద కేకు. స్కానింగ్ గదిలో ఉండాల్సిన మనిషి ఆ బల్ల చివర కుర్చీలో కూర్చుని, కాగితం టోపీ పెట్టుకుని, కేకు ముక్క అరగంట సేపు నమిలాడు. ఆగస్టులో స్కానింగ్ చేసి, చెయ్యడానికేం లేదన్నారు. ముందే చూసినా ఫలితం మారేది కాదని డాక్టరు అన్నాడు. నిజమే అయ్యుంటుంది. సెప్టెంబరు మొదట్లో ఒక బుధవారం నార్మన్ కన్నుమూశాడు. మర్నాడు సాయంత్రం రాణిగారు పోయారు.

"పోవడంలో మాత్రం మావాడే ముందు" అంది మేవిస్, నేను టీ కలుపుతుంటే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

అప్పటికే నార్మన్‌ని తీసుకెళ్ళి భద్రపరిచిన అంత్యక్రియల కంపెనీవాళ్ళతో మాట్లాడి, పందొమ్మిదో తేదీ సోమవారం అనుకున్నాం. ఈలోపు దేశం తీరే మారిపోయింది. గనివాళ్ళ క్లబ్బులో బింగో ఆట ఆపేశారు. సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే మిషన్ల కూత తగ్గించారు. చేపలు వేయించే కొట్టువాడు ధరల పలక పక్కనే రాణి ఫొటోకి నల్ల రిబ్బన్ కట్టాడు. లండన్‌లో ఆ పెట్టెని చూడ్డానికి జనం రాత్రీ పగలూ వరసలో నిలబడుతున్నారని టీవీ ఊదరగొడుతోంది. ఏడిచేవాళ్ళని నేను వెక్కిరించను, కానీ వేరే ఎవరి కోసమూ ఏడవకూడదన్నట్టు చూసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

రాణిగారి అంత్యక్రియలు సరిగ్గా పందొమ్మిదినే అన్నారు, దేశమంతా సెలవన్నారు. కంపెనీ మనిషి నల్లకోటు వేసుకుని మేవిస్ ఇంటికి వచ్చాడు.

"మా స్టాఫ్‌కి ఆ రోజు సెలవండీ. కారు లేదు, మోసేవాళ్ళు లేరు, గొయ్యి తవ్వేవాళ్ళూ రారు. అక్టోబరు మొదటి వారంలో మంచి టైము చూసి పెడతాను."

"ఎందుకని?"

"రాణిగారి గౌరవార్థం అండీ. అందరూ ఒప్పుకుంటున్నారు."

మేవిస్ కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "బాబూ, ఆవిడ పండగని మా ఆయన్ని ఒకసారి వెనక్కి జరిపారు. సరేలెండి అన్నాడు. ఇప్పుడాయన నోరు లేనివాడు, అనడానికి నేనున్నాను. ఆవిడ చావుకి మళ్ళీ జరపనివ్వను. సోమవారం అన్నారు, సోమవారమే."

"కానీ అమ్మా, మనుషులే లేకపోతే..."

"మీ మనుషులు వద్దు. ఆయన్ని ఆదివారం ఇంటికి తెచ్చి దింపి వెళ్ళండి. మిగతాది మా ఊరు చూసుకుంటుంది."

అతను నా వైపు చూశాడు, నేను ఏదైనా నచ్చచెబుతానేమోనని. నేను బిస్కెట్ల పళ్ళెం అతని ముందుకి తోశాను.

మా ఊరు చూసుకుంటుందని ఆమె అన్నదే గానీ, ఊరికి ఆ సంగతి తెలియదు. మిట్ట మీద చిన్న చర్చి, దాని వెనక దాని సొంత సమాధుల తోట. పాస్టరు అప్పుడే కొత్తగా వచ్చిన చిన్న వయసావిడ. "నాకేం అభ్యంతరం లేదు, మధ్యాహ్నం పన్నెండుకి ప్రార్థన చేస్తాను" అంది. క్లబ్బులో గొయ్యి మాట ఎత్తేసరికి ఎర్నీ లేచాడు. ఎర్నీ, నార్మన్ గనిలో పక్కపక్కన పనిచేసినవాళ్ళు. ఎర్నీ ఊపిరితిత్తుల నిండా ఇంకా ఆ బొగ్గుపొడే, మెట్లెక్కితే ఈల వేసినట్టు ఆయాసం.

"తరతరాలుగా భూమి తవ్విన ఊరికి ఒక గొయ్యి తవ్వడానికి బయటినుంచి మనిషి రావాలా?" అన్నాడు.

శనివారం పాత గనివాళ్ళంతా పలుగూ పారా పట్టుకుని వెళ్ళారు. తవ్వింది వాళ్ళ కొడుకులు, మేనల్లుళ్ళు. ముసలివాళ్ళు పక్క సమాధుల మీద కూర్చుని సలహాలిచ్చారు. "ఒరేయ్, ఇది గొయ్యా, పిల్లి గోకిన గుంటా?" "అంచు నిటారుగా కొట్టరా, నార్మన్ చూస్తే నవ్వుతాడు!" నేను ఫ్లాస్కుతో టీ తీసుకెళ్ళేసరికి ఎర్నీ గొయ్యిలోకి దిగి గోడలు చేత్తో తడిమి చూస్తున్నాడు. పైకి లాగడానికి ముగ్గురు పట్టాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే గ్లెండా మేవిస్ ఇంటికి వచ్చింది. నల్ల బట్టలు వేసుకుంది. కూర్చోలేదు.

"దేశమంతా ఏడుస్తుంటే నీకిదేం పంతమే, మేవిస్? ఒక్క రెండు వారాలు ఆగితే కొంపలు మునుగుతాయా? డెబ్భయ్యేళ్ళు మనకోసం పనిచేసిన మనిషి ఆవిడ."

"మా ఆయన పదిహేనేళ్ళకే గనిలోకి దిగాడు. ఆయనెవరి కోసం పనిచేశాడే?"

"నేనా మాట అన్నానా? నార్మన్ అంటే నాకు గౌరవం లేదా?"

"ఉంటే సోమవారం రా."

"సోమవారం నేను టీవీ ముందు నుంచి కదలను. నా తల్లిని సాగనంపినట్టే ఆవిణ్ని సాగనంపుతాను. నువ్వు చేసేది మర్యాద కాదు, పగ."

"పగే! స్కానింగ్ గదిలో ఉండాల్సినవాడు ఆ రోజు నీ కేకు తింటూ కూర్చున్నాడే!" మేవిస్ గొంతు వీధిలోకి వినబడింది.

గ్లెండా ముఖం పాలిపోయింది. తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయింది. అంత మాట అనకుండా ఉండాల్సిందని నాకనిపించింది, మేవిస్‌తో ఆ మాటా అన్నాను. "తెలుసు, నోరుమూసుకుని శాండ్‌విచ్‌లు చెయ్యి" అంది.

ఆదివారం నార్మన్ ఇంటికి వచ్చాడు. పాత రోజుల్లోలా ముందుగదిలో పెట్టె ఉంచి, కర్టెన్లు వేశాం. రాని జనం రాలేదు, వచ్చినవాళ్ళు చాలాసేపు కూర్చున్నారు. క్లబ్బు సెక్రటరీ గుమ్మంలోనే నిలబడి, "మేవిస్, రేపు పన్నెండుకి ముందు దేశమంతా రెండు నిమిషాల మౌనం. ఆ టైములో మీరు వీధిలో ఉంటారేమో, కాస్త ఆగితే బాగుంటుంది, జనం చూస్తారు" అన్నాడు. "చూడనీ" అంది మేవిస్.

సోమవారం పొద్దున వీధిలో కుక్క కూడా లేదు. ప్రతి కిటికీలోనూ టీవీ వెలుగుతోంది, అన్ని ఇళ్ళలోంచీ ఒకే పాట. ఆరుగురు పెట్టెని భుజాలకెత్తుకున్నారు, ముందు ఎర్నీ. వద్దంటే వినలేదు. వెనక మేవిస్, పాస్టరు, నేను, ఇంకో పాతికమంది. బాండు లేదు. రోడ్డు మీద బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మిట్ట మొదలయ్యేసరికి ఎర్నీ ఊపిరి ఈల వెయ్యడం మొదలుపెట్టింది. అదే సమయానికి ఇళ్ళలో పాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. దేశమంతా నిలబడిపోయిన ఆ రెండు నిమిషాలు మొదలయ్యాయి. అక్కడక్కడ గుమ్మాల్లోకి మనుషులు వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. గ్లెండా తన గేటు దగ్గర నల్లటోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, నేల చూస్తూ నిలబడి ఉంది.

సరిగ్గా ఆ గేటు ముందు ఎర్నీ కాళ్ళు తడబడ్డాయి. పెట్టె ఊగింది.

"ఆగుదాం," అన్నాడు ఎర్నీ, రొప్పుతూ. "ఒక్క నిమిషం... దింపి..."

దింపొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇప్పుడు ఆగితే ఎవరి కోసం ఆగినట్టో మా అందరికీ తెలుసు. మేవిస్ ముందుకు వచ్చింది. "నీకు ఊపిరి కావాలంటే తప్పుకో ఎర్నీ, నేను పడతాను. ఈయన ఆగడు" అంటూ తన భుజం పెట్టె కింద దూర్చింది.

అయిదడుగులు కూడా లేని మనిషి. ఆమె భుజానికీ పెట్టెకీ మధ్య జానెడు ఖాళీ. చేతులెత్తి అంచు పట్టుకున్నా ఆ మూల కిందికి వాలిపోయింది. వెనకవాళ్ళు పెట్టెని నిలబెట్టలేక అవస్థ పడుతున్నారు. నేను ముందుకి వెళ్ళబోయాను గానీ నా ఎత్తూ అంతంతమాత్రమే. అప్పుడు గేటు కిర్రుమంది.

"జరగవే" అంది గ్లెండా.

మేవిస్ తల తిప్పి చూసింది. "నీకు మౌనం కదా ఇప్పుడు?"

"నోటికి మౌనం. భుజానికేం మౌనం? జరుగు, పడేస్తావు ఆయన్ని."

గ్లెండా టోపీ తీసి గేటు మీద పెట్టి, వంగి, పెట్టె కింద భుజం ఆనించి లేచింది. పెట్టె సమంగా నిలిచింది. మేవిస్ పక్కన నడుస్తూ ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచింది. తలలు వంచుకుని నిలబడ్డవాళ్ళు తలలెత్తి మమ్మల్ని చూశారు. మేం నడుస్తుండగానే ఇళ్ళలో మళ్ళీ పాట మొదలైంది. ఎర్నీ ఛాతీ పట్టుకుని మా వెనక పైదాకా నడిచాడు.

చర్చి తోటలో పాస్టరు ప్రార్థన చదివింది. పగ్గాల మీద పెట్టెని దింపారు. గొయ్యి గోడలు నిజంగానే నిటారుగా ఉన్నాయి. మేవిస్ మొదటి పిడికెడు మట్టి వేసింది, తరవాత ఎర్నీ, తరవాత నేను. గ్లెండా చేతులు ముడుచుకుని దూరంగా నిలబడింది. భుజం మీద కోటు నలిగి, జుట్టు చెదిరిపోయి ఉంది.

"నేనిక వెళ్ళాలే," అంది మెల్లిగా. "ఆవిణ్ని ఊరేగింపుగా తీసుకెళ్తున్నారు." వెళ్ళలేదు. గొయ్యి వైపు చూస్తూ, "ఆవిడా మనలాంటి ముసలిదే కదే, మేవిస్. ఆవిడకీ ఎవరో ఒకరు ఏడవాలిగా" అంది. కళ్ళనిండా నీళ్ళు.

మేవిస్ ఆమె దగ్గరికి వెళ్ళి, మోచెయ్యి పట్టుకుని, గొయ్యి అంచుకి నడిపించుకొచ్చింది.

"ఏడవడానికి ఆవిడకి దేశమంతా ఉంది, గ్లెండా. ఈయనకి మనమే ఉన్నాం. మట్టి వెయ్యి."

గ్లెండా వంగి, రెండు చేతులతోనూ మట్టి ఎత్తింది.