సెకండ్ హాఫ్ విజిల్

మా పి.టి. సార్ దయాకర్‌కు కూర్చోవడం కూడా ఒక పనే. ముందు కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఒకచోట కుదురుగా పెట్టుకుంటాడు. ఆ తర్వాత మిగతా మనిషి కూర్చుంటాడు. స్టాఫ్ రూములో కిటికీ లేని మూల ఆయన కుర్చీ, పక్కన నాది. నేను తెలుగు చెబుతాను. గ్లోబల్ అయిపోయిన బడిలో తెలుగు టీచరుకూ ఆటల మాస్టారుకూ ఆ మూలే దక్కుతుంది. అందువల్ల ఆయన సంగతులు నాకు తెలిసినన్ని ఇంట్లో ఆయన భార్య కల్పలతగారికి కూడా తెలియవేమో. ఫుట్‌బాల్ మాటెత్తితే ఆవిడ టీవీ సౌండు పెంచుతుందట.

ఆయనది మారేడ్‌పల్లి. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లు ఆడే ఆటను గోల్‌పోస్టు వెనక నిలబడి చూసి నేర్చుకున్నాడు. లెఫ్ట్ వింగ్‌లో పేరు తెచ్చుకున్నాడు. రాష్ట్ర జట్టుకు పిలుపొచ్చిన ఏడాదే మోకాలు పోయింది. ఎలా పోయిందని నేనెప్పుడడిగినా "పోయింది మేడం" అంటాడు, అంతే. ఆ మోకాలితో మా లాన్సర్ హైస్కూల్లో చేరి జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాడు. జీతం పెరగలేదని ఆయన గొడవ పడగా నేను చూడలేదు, ప్రమోషన్ అడగ్గా వినలేదు. గట్టిగా పట్టుకున్నది ఒక్కటే, ఏటా వానాకాలంలో బొల్లారం బజార్ స్కూలుతో మ్యాచ్.

కంటోన్మెంట్ లీగ్ అని ఈ చుట్టుపక్కల పాత బడులన్నీ కలిసి ఆడుకునే పోటీలు ఉండేవి. మిగతా మ్యాచ్‌లకు జనం వచ్చినా రాకపోయినా, మాకూ బొల్లారానికీ జరిగేదానికి మాత్రం బజారంతా కదిలొచ్చేది. మటన్ కొట్టువాళ్లు షట్టరు సగం దించి వచ్చేవాళ్లు. రిటైరైన సుబేదార్లు మడత కుర్చీలు తెచ్చుకునేవాళ్లు. ఆట మొదలైన కాసేపటికే బురదలో ఎవరి జెర్సీ ఏ రంగో తెలిసేది కాదు. అయిపోయాక గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే బండి దగ్గర మిర్చి బజ్జీలు తిని ఇళ్లకు పోయేవాళ్లు.

ఆ మ్యాచ్‌కు బయటి రెఫరీ ఉండడు. ఫస్ట్ హాఫ్ ఒక బడి పి.టి. సార్ విజిల్ ఊదుతాడు, సెకండ్ హాఫ్ రెండో బడి సార్. ఇద్దరికీ కలిపి ఒకటే విజిల్, లోపల గింజ ఉన్న పాత ఇత్తడిది. హాఫ్ టైం కాగానే ఇద్దరూ మైదానం నడుమకు వస్తారు. ఊదినవాడు దాన్ని చొక్కాకు తుడిచి రెండోవాడి చేతిలో పెడతాడు. సెకండ్ హాఫ్ ఊదినవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏడాదంతా దాచి, మరుసటి ఏడు ఫస్ట్ హాఫ్‌కు పట్టుకొస్తాడు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. దయాకర్, బొల్లారం పి.టి. సార్ ఇమాం వలి దాన్ని తమ ముందువాళ్ల చేతుల మీదుగా అందుకున్నారు. విజిల్‌తో పాటు ఒక షరతు కూడా అందుకున్నారు. ఊదే సార్ ఎవరైనా సరే, తన పిల్లల తప్పు ముందు పట్టాలి.

ఒకసారి ఆట ముగియవస్తుండగా దయాకర్ మా పిల్లల మీదే పెనాల్టీ ఇచ్చాడు. ఓడిపోయాం. మర్నాడు అసెంబ్లీలో పిల్లలు ఆయన ముఖం చూడలేదు. అప్పటి హెడ్మాస్టరు పిలిచి "ఏమయ్యా, అంత అవసరమా?" అంటే, "చెయ్యి తగిలింది గద సార్" అన్నాడట. బొల్లారంలో మాత్రం ఆ ఏడాదంతా ఆయన ఏ హోటల్లో కూర్చున్నా చాయ్‌కు పైసలు తీసుకోలేదు.

కొన్నేళ్ల కింద మా బడిని ఒక పెద్ద విద్యాసంస్థ కొన్నది. గోడలు కారుతున్నాయి, బల్లలు ఊగుతున్నాయి, వీళ్లకేం పిచ్చి అనుకున్నాం. వాళ్లు పంపిన బ్రాండ్ మేనేజరు భానుప్రకాశ్ మా అందరినీ కూర్చోబెట్టి, ఈ బడిలో అన్నిటికంటే విలువైనది ఏది అని అడిగాడు. సైన్సు టీచరు ల్యాబ్ అంది. నేను పిల్లలు అన్నాను. ఆ అబ్బాయి జాలిగా నవ్వి, "పేరు" అన్నాడు. అప్పటిదాకా నేను బ్రాండ్ అనేది సబ్బులకూ పప్పు ప్యాకెట్లకూ ఉంటుందనుకున్నాను. వాళ్లు కొన్నది లాన్సర్ అనే మాటను. బడి దాంతోపాటు ఊరికే వచ్చింది. ఆ మాటకు గ్లోబల్ తగిలించి, గేటుకు బంగారు రంగు వేశారు.

ఈ ఏడు జూన్‌లో కొత్త కబురు వచ్చింది. నగరం చుట్టూ ఉన్న పేరుమోసిన బడులు కలిసి ఒక ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి, అందులోకి మేమూ పోతున్నాం. కంటోన్మెంట్ లీగ్‌కు నమస్కారం. మేం లేచిపోగానే నేరేడ్‌మెట్ వైపు బడి ఒకటి ఇంకో లీగును వెతుక్కుంది. మిగిలినవాళ్లకు ఆడటానికి జోడీలు కుదరలేదు. లీగును ఎవరూ మూసేయలేదు. ఫోన్లు చేసుకునేవాళ్లు లేక అది అలాగే ఆగిపోయింది. బొల్లారం బజార్ స్కూలును ఏ లీగూ పిలవలేదు.

వచ్చే మార్చిలో దయాకర్ రిటైర్మెంట్. పోయిన ఏడు సెకండ్ హాఫ్ ఊదింది ఇమాం వలి, కాబట్టి విజిల్ బొల్లారంలో ఉంది. ఈ ఏడు ఫస్ట్ హాఫ్ వలిది, సెకండ్ హాఫ్ దయాకర్‌ది. ఆయనకు అదే ఆఖరిది.

"నాకు గా ఒక్క సగం ఇస్తే సాలు మేడం," అన్నాడు స్టాఫ్ రూములో. "తర్వాత వీళ్లు యే లీగుల ఆడుకున్నా నాకేం తక్లీఫ్ లేదు. జెర మీరు సుత రాండ్రి, మీరైతే మంచిగ మాట్లాడ్తరు."

వెళ్లాను. భానుప్రకాశ్ మర్యాదగానే కూర్చోమన్నాడు. "సర్, ప్రాక్టికల్‌గా ఆలోచించండి. వాళ్ల మీద గెలిస్తే మనకు వచ్చేదేం లేదు. ఓడిపోతే బ్రాండ్ డ్యామేజ్. వాళ్లు మన లెవెల్ కాదు కదా."

మంచిగా మాట్లాడే నేను చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. దయాకర్ మాత్రం లేచి ఆ అబ్బాయి వెనక గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ మా బడి ప్రచారానికి వాడే పెద్ద ఫొటో ఉంది. వాన, బురద, గొడుగుల కింద జనం, మధ్యలో మా పిల్లలు. కింద ఇంగ్లిషులో వారసత్వం గురించి ఒక వాక్యం.

"గీ జనం ఎవరనుకుంటున్నరు సార్? గీ నల్ల గొడుగాయన బొల్లారం మటన్ కొట్టు సాదిక్. గీ కుర్చీల పెద్దాయన సుత ఆడనే ఉంటడు. మన దిక్కు జనం ఏడనో మూలకు ఉన్నరు. మీరు గోడకు పెట్టుకున్నది వాళ్లనే."

భానుప్రకాశ్ కుర్చీ తిప్పుకుని ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. "ఇంట్రెస్టింగ్ సర్," అన్నాడు. "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతా." ఆ రోజు దయాకర్ మోకాలి సంగతి మరిచి మెట్లు దిగాడు. నేనూ గెలిచామనే అనుకున్నాను.

మరుసటి వారం మ్యాచ్‌కు అనుమతి వచ్చింది. దాంతోపాటు పోస్టరూ వచ్చింది. హెరిటేజ్ డెర్బీ అట, మా పాత మ్యాచ్‌కు కొత్త పేరు. కొంపల్లి అవతల కొత్త క్యాంపస్‌లో, టర్ఫ్ మీద. స్పాన్సర్లు, టికెట్లు, హాఫ్ టైంలో డీజే. ఆట నడిపించడానికి లీగ్ రెఫరీలు. దయాకర్ ఆ కాగితాన్ని చదివి, నాకిచ్చి, మోకాలు సర్దుకుని కూర్చున్నాడు.

"మనమే చూపిచ్చినం మేడం," అన్నాడు. "గా ఫొటో దిక్కు వేలు చూపకపోయుంటే, ఊకె వద్దనేటోళ్లు. గంతతోని అయిపోయేది."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. అబద్ధమెందుకు, కొంత నా మీదే.

ఆ ఆహ్వానం బొల్లారానికి ఆయనే తీసుకెళ్లాలి. నేనుండేది అల్వాల్‌లో గనక దారే కదా అని ఆయన స్కూటరెక్కాను. ఇమాం వలి మైదానం పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, గడ్డానికి గోరింటాకు. మమ్మల్ని చూడగానే చాయ్ చెప్పాడు. పోస్టరు చేతికిస్తే దూరంగా పట్టుకుని చదివాడు.

"టర్ఫ్ అంటే గదేనా దయన్నా, పిలాస్టిక్ గడ్డి?"

"గదే వలి భాయ్."

"మావోళ్లు ఎన్నడు ఎక్కలే. ఖుష్ అయితరు పోరగాళ్లు." చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి, గ్లాసు వైపే చూస్తూ అడిగాడు. "సెకండ్ హాఫ్ విజిల్ ఎవరిది?"

ఎదురుగా మైదానంలో మేకలు మేస్తున్నాయి.

"రెఫరీలను వాళ్లే తెస్తరంట," అన్నాడు దయాకర్ చివరికి.

"రెండు సగాలకు?"

"రెండు సగాలకు."

ఇమాం వలి పోస్టరును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పరేషాన్ కాకు. వస్తం. పిల్లలకు ఆట కావాలె గదా," అన్నాడు. నా చాయ్ గ్లాసులోనే చల్లారిపోయింది.

మ్యాచ్ రోజు బొల్లారం నుంచి బస్సులో పిల్లలు, ఇమాం వలి మాత్రమే దిగారు. అంత దూరం వచ్చి టికెట్టు కొని ఎవరు చూస్తారు? మటన్ కొట్టు సాదిక్ రాలేదు, మడత కుర్చీలూ రాలేదు. వాళ్ల బదులు మెట్ల మీద తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. బొల్లారం పిల్లలు ఆ పచ్చటి నేలను అరచేతులతో తడిమి చూసుకున్నారు. వాన లేదు, బురద లేదు. సార్లిద్దరినీ మైదానానికి చెరో పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఫస్ట్ హాఫ్‌లో ఎవరూ గోల్ కొట్టలేదు. కుర్ర రెఫరీ హాఫ్ టైం విజిల్ ఊదాడు. డీజే పాట ఎత్తుకున్నాడు. ఈ పక్క నుంచి దయాకర్ లేచి మోకాలు ఈడ్చుకుంటూ మైదానంలోకి నడిచాడు. ఆ పక్క నుంచి ఇమాం వలి నడిచాడు. ఒకరినొకరు చూసుకోలేదు, సైగ చేసుకోలేదు. ఇన్నేళ్ల అలవాటుకు కాళ్లు వాటంతటవే కదిలాయి. నడుమకు చేరాక గానీ ఎక్కడున్నారో ఇద్దరికీ తెలిసిరాలేదు.

రెఫరీ నీళ్ల సీసా దించి చూస్తే ఇద్దరు కోచ్‌లు రెండు వైపుల నుంచి తన మీదికే వస్తున్నారు. కొట్లాటకే అనుకున్నాడు పాపం. "సర్, బ్యాక్ ప్లీజ్" అన్నాడు. వాళ్లు అలాగే నిలబడిపోయారు. ఇంకోసారి చెప్పి చూసి, జేబులోంచి పసుపు కార్డు తీసి ముందు ఒకరికి, తర్వాత ఇంకొకరికి చూపించాడు. మెట్ల మీద ఈలలు, నవ్వులు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

ఇమాం వలి జేబులో చెయ్యి పెట్టాడు. ఏదో తీసి చొక్కాకు తుడిచి దయాకర్ చేతిలో పెట్టాడు. దయాకర్ పిడికిలి మూశాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి ఎవరి బెంచీ వైపు వాళ్లు వచ్చేశారు.

సెకండ్ హాఫ్ అంతా దయాకర్ కూర్చోలేదు. గీత పక్కన నిలబడే ఉన్నాడు. ఆట ముగియవస్తుండగా మావాడొకడు బంతిని చేత్తో ఆపి ముందుకు తోసుకున్నాడు. రెఫరీ చూడలేదు. బొల్లారం పిల్లలు చేతులెత్తి అరిచినా ఆట ఆగలేదు. దయాకర్ పిడికిలి నోటిదాకా లేచింది. సగం దూరంలో ఆగి కిందికి దిగింది.

"అరే," అని పిలిచాడు. పెద్దగా కూడా అరవలేదు. "చెయ్యి తగిలింది గద. బాల్ ఇచ్చెయ్ వాళ్లకు."

వాడు సార్ ముఖం చూశాడు. తర్వాత బంతిని మెల్లగా గీత బయటికి తన్నేశాడు. అవతలి బెంచీ దగ్గర ఇమాం వలి తల వంచుకుని కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కాసేపటికి బొల్లారం వాళ్లు గోల్ కొట్టారు. ఓడిపోయాం.

దయాకర్‌కు మెమో వచ్చింది. వచ్చే ఏడు డెర్బీ ఉండదని కూడా తెలిసింది. భానుప్రకాశ్ మాత్రం కోప్పడలేదు, ఫుటేజ్ చాలా బాగా వచ్చిందన్నాడు.

జనవరిలో అడ్మిషన్ల బ్రోచరు అచ్చయి వచ్చింది. అట్ట మీద ఇద్దరు ముసలి మాస్టార్లు, పచ్చటి మైదానం మధ్య ఎదురెదురుగా. కింద వారసత్వం గురించి ఇంగ్లిషులో ఇంకో వాక్యం. నేను దాన్ని దయాకర్ కంట పడకుండా సంచిలో వేసుకోబోయాను గానీ అప్పటికే ఆయన చూశాడు. తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో పట్టుకున్నాడు. కళ్లద్దాలు తేలేదేమో, మళ్లీ నా చేతికిచ్చాడు.

"జెర చూసి చెప్పుండ్రి మేడం. విజిల్ కనబడ్తున్నదా?"

చూశాను. ఆయన కుడి చెయ్యి, బిగించిన పిడికిలి. వేళ్ల సందులో కూడా ఏమీ లేదు.

"కనబడటం లేదు సార్."

"గట్లయితే మంచిదే," అన్నాడు. మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఒకచోట పెట్టుకుని, కూర్చున్నాడు.