సగటు పిల్ల పేరు ఏమిటి?

బాంబూఫ్లాట్‌లో మా పక్కింటి వాళ్లు కొత్త తలుపు చేయిస్తున్నారు. పొద్దున్నుంచీ రంపం చప్పుడు, పడౌక్ చెక్క పొట్టు వాసన. కాస్త తీపి, కాస్త ఘాటు. టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. రంగత్ దగ్గర నేను పనిచేసిన చిన్న బడి కళ్ల ముందుకు వచ్చింది. ఒకటో తరగతి గది నిండా ఇలాంటి ఎర్రటి పొట్టే. దాని మధ్య కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ పైడితల్లి గారు.

ఆవిడ మా ప్రధానోపాధ్యాయురాలు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. అయినా ఊరందరికీ ‘దీదీ’, అక్కే. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఈవిడ పుట్టిందీ చదివిందీ ఈ దీవుల్లోనే. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో తిరిగి మళ్లీ తెలుగులోకి చేరేది. ఏ పనైనా ముందు మొదలుపెట్టి, తర్వాత ఆలోచించేవారు. నేనేమో కొలవకుండా, రాసుకోకుండా ఏ పనీ చేసేవాణ్ణి కాదు. పెళ్లికి ముందు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ ఒక్క రోజూ తప్పలేదు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లు ఉండగా ఆవిడ నాకు పైఅధికారిగా వచ్చారు. ఇక నేర్చుకునేది ఏముందిలే అనుకున్నాను.

ఆవిడ వచ్చిన ఏడాదే కబురు అందింది. ఒకటో తరగతి తెలుగు విభాగంలో పిల్లలు సరిగా రావడం లేదు. దీపావళి వెళ్లాక ఒక అధికారి వచ్చి చూస్తారు. ఇలాగే ఉంటే విభాగం ఎత్తేస్తారు. మాకు ఇరవై ఆరుమంది పిల్లలు. వాళ్లు కూర్చునేవి పై తరగతుల వాళ్లు వాడి వదిలేసిన బల్లలు. కాళ్లు గాల్లో వేలాడేవి, గడ్డం బల్ల అంచుకు తగిలేది. పది నిమిషాలకొకరు జారి నేల మీదికి దిగేవారు.

“చదువు రాక కాదు మాస్టారూ, కూకోడం కుదరక పారిపోతన్నారు. ముందు కూకోబెడదాం. అఆలు బాద్ మే దేఖేంగే, తరవాత చూద్దాం” అన్నారు దీదీ.

కొత్త బెంచీల కోసం పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. ఓడల్లో సరుకు వచ్చే చెక్కపెట్టెలు జెట్టీ దగ్గర పడి ఉంటే, దుకాణాల వాళ్లను అడిగి దీదీ అవన్నీ బడికి చేర్పించారు. పడవలు కట్టే ఎర్రయ్యను పిలిపించారు.

“నాను పడవలు కట్టీవోణ్ణి దీదీ. బెంచీలు నాకేటి తెలుసు?” అన్నాడు ఎర్రయ్య.

“మనుషులు మునిగిపోకుండా కడతావు. పిల్లలు జారిపోకుండా కట్టలేవేటి భయ్యా?”

నవ్వుకుంటూ ఒప్పుకున్నాడు. బెంచీ కాళ్లకు తన దగ్గర మిగిలిన పడౌక్ ముక్కలు తెచ్చాడు.

కొలతల పని నాది. నాకు పండగే. పిల్లల్ని ఒక్కొక్కరినే గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలి దగ్గర సుద్దతో గీత గీసి, టేపు పెట్టి రాసుకున్నాను. ఇరవై ఆరు కొలతలూ కూడి, ఇరవై ఆరుతో భాగించి, వచ్చిన ఒక్క కొలతను ఎర్రయ్య చేతిలో పెట్టాను. వారంలో బెంచీలన్నీ ఒకే ఎత్తున, చూడముచ్చటగా తయారయ్యాయి. పిల్లలు కూర్చున్నారు. కొందరి కాళ్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మరికొందరి మోకాళ్లు పొట్టకు ఆనుతున్నాయి.

దీదీ హాజరు పట్టీ తెచ్చి నా ముందు పెట్టారు. “ఇది ఎవరి కొలతండీ మాస్టారూ?”

“అందరిదీనండి. సగటు తీశాను.”

“ఆ సగటు పిల్ల పేరేటి? ఇందులో ఎక్కడుందో చూపించండి. పిలిచి కూకోబెడదాం.”

ఎర్రయ్య రంపం కింద పెట్టి మరీ నవ్వాడు. ఎందుకో తెలియకుండానే పిల్లలూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. ‘ఈ రోజు బడిలో లేని పిల్లకు బెంచీలు చేయించాను’ అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఎర్రయ్య కొన్ని బెంచీల కాళ్లు కోశాడు, కొన్నిటికి అతుకులు వేశాడు. మూడు ఎత్తులయ్యాయి. గోడ మీద ఎరుపు, పసుపు, నీలం గీతలు గీసి, బెంచీలకూ అవే రంగులు వేశాం. ఎవరి మోకాలు ఏ రంగుకు వస్తే వాళ్లది ఆ బెంచీ. సోమవారం సోమవారం గోడకు నిలబడి, పసుపుకు ఎదిగామా లేదా అని చూసుకోవడం పిల్లలకు పెద్ద సంబరం.

తర్వాత ఒక దుకాణం వాళ్లు మూలపడేసిన ప్రొజెక్టర్ అడిగి తెచ్చారు దీదీ. ఎదుటి గోడకు సున్నం వేయించారు. మా దగ్గర నెట్ అందదు. అందుకని పిల్లల మాటల్నే ఫోనులో రికార్డు చేసి వినిపిస్తూ, ఆ మాటల్నే పెద్ద అక్షరాల్లో గోడ మీద చూపించేవారు. ఒకరోజు గౌరి అనే పిల్ల గొంతు వినిపించింది: “దీదీ, మా నానకి మఛ్లీ దొరికీసింది!”

“మఛ్లీ తెలుగు కాదండీ” అన్నాను.

“చేప అని రేపు నేర్పుదాం మాస్టారూ. ఇయ్యాళ దాని మాట గోడెక్కింది. దాని మొహం చూడండి.”

చూశాను. గౌరి తన మాట మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడుముతోంది. అంతకుముందు పలక ఇస్తే బల్ల కింద దాచేసిన పిల్ల.

అధికారి వచ్చారు. పొడవాటి మనిషి, మంచి తెలుగు మాట్లాడారు. వస్తూనే దగ్గర్లో ఉన్న ఎర్ర బెంచీ మీద కూర్చున్నారు. గౌరి వెళ్లి ఎదురుగా నిలబడింది.

“అంకుల్, అది నాది. మీ రంగేటి? గోడకి నిలబడండి.”

నేను ఆ పిల్లను పక్కకు లాగబోయాను. ఆయన ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, బుద్ధిగా వెళ్లి గోడకు నిలబడ్డారు. గౌరి వంగి చూసింది. ఆయన మోకాలు నీలం గీతకు జానెడు పైన ఉంది.

“మీకు ఇక్కడ బెంచీ లేదు. బాహర్ కుర్సీ ఉంది” అని గది బయటికి చూపించింది.

“ఏమండీ, నాకు బెంచీ లేదట!” అన్నారాయన దీదీతో, నవ్వు ఆపుకోలేక. దీదీ వెంటనే ఆ మాటనే ఫోనులో టైపు చేశారు. గోడ మీద అక్షరాలు వెలిగాయి. గౌరి కూడబలుక్కుంది: “నా... కు... బెం... చీ... లే... ద... ట.” చదివాక అర్థమై పకపకా నవ్వింది. బట్టీ పట్టిన పాఠం కాదని ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

తెలుగు విభాగం నిలిచింది. దీదీ ఇప్పుడు ఇంకో దీవిలో, ఇంకో బడిలో ఉన్నారు. అక్కడ కూడా ఎవరి చేతో పడవ పని మాన్పించే ఉంటారు.

మొన్న మా వీధివాళ్లు వచ్చారు. పిల్లలు చదువుకునే గదికి కుర్చీలు చేయిస్తారట. కొలతలు నేనైతే పద్ధతిగా ఇస్తానని అడిగారు.

“ఎవరెవరు కూర్చుంటారు?” అన్నాను.

“ఓ పదిహేనుమంది ఉంటారండి.”

“అలా కాదు, పేర్లు చెప్పండి” అని పెన్ను మూత తీశాను.