వంపేసిన చేదు నీళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గన్‌ఫౌండ్రీలో ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను, అక్కడి తోటి టీచర్లనడిగినా చెబుతారు. నాంపల్లి స్టేషన్ వెనక ఫ్లాట్‌లో అమ్మా నేనూ ఉంటాం. హాల్లో సగం గోడ నా ఉప్పునీటి అక్వేరియానిదే. డబ్బాలో వచ్చే సముద్రపు ఉప్పు కలిపి వారం వారం కొంత నీరు మారుస్తాను. అందులో ప్రాణమున్న పగడం ఒకటుంది. తెచ్చినప్పుడు దానికి పువ్వులా విచ్చుకునే తల ఒక్కటే, మూడేళ్లలో పదకొండయ్యాయి. మొన్నటి వానల్లో అది చావడం మొదలుపెట్టింది.

ఒక్కో తలా ముడుచుకుని, కండ ఊడి, లోపలి తెల్లటి ఎముక బయటపడుతోంది. నీళ్లు పరీక్షించాను. ఉప్పదనం సరిగ్గానే ఉంది, కాల్షియం తగ్గింది. ఆబిడ్స్‌లో చేపల దుకాణానికి పరుగెత్తాను.

"మెగ్నీషియం కూడా చూడాలి. అది కొలిచే కిట్టుందా?" అన్నాను.

దుకాణదారు నవ్వాడు. "ఏంది మేడం, గిన్ని ఫికర్లెందుకు? కాల్షియం తక్కువైతే కాల్షియం పోయాలె. గంతే."

ఆ నవ్వుకు ఒళ్లు మండింది. మండినా, వాడిచ్చిన సీసా తెచ్చి పోశాను. అదీ నా తెలివి! పోసినకొద్దీ నీళ్లు తెల్లబడ్డాయి, హీటరు మీద సున్నం పేరుకుంది, కాల్షియం మాత్రం పెరగలేదు. మెగ్నీషియం చాలకపోతే కాల్షియం నీళ్లలో నిలవదు, సున్నమై రాలిపోతుంది. తెలిసి తెలిసి వాడి మాట విన్నాను.

కాచిగూడలో ఇంకో దుకాణంలో కిట్టు దొరికింది. లీటరుకు పదమూడు వందల మిల్లీగ్రాముల దగ్గర ఉండాల్సిన మెగ్నీషియం తొమ్మిది వందలు కూడా లేదు. ఉప్పు నకిలీదే అనుకున్నాను. అమ్మినవాణ్ణీ, చేసినవాణ్ణీ కలిపి తిడుతూ డబ్బా ఎత్తి పారేయబోతే అమ్మ అడ్డమొచ్చింది.

"మంచిగున్న ఉప్పు ఎందుకు పారేస్తవ్? వానలకు చెమ్మబట్టి అడుగున నీళ్లూరినయి. రెండుసార్లు గుడ్డల పోసి వడగట్టిన. చేదు నీళ్లన్నీ పోయినయి."

వానాకాలం మా ఇంట్లో దొడ్డుప్పును ఎప్పుడూ అలాగే వడగట్టి ఆరబెడతారు. ఉప్పులో ముందు కరిగి కారిపోయేది మెగ్నీషియమే, ఆ చేదు దానిదే. మిగిలిన ఉప్పుతో నేను కొలిచి కొలిచి నీళ్లు కలిపాను.

"నన్నడక్కుండా నా డబ్బా ఎందుకు ముట్టుకున్నావ్?" అని అరిచాను. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. నేను ఆగలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను.

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. "అడిగిన బిడ్డా. గీ డబ్బల ఏముందని మూడుసార్లడిగిన. చెప్పినా నీకు సమజ్ గాదన్నవ్. గందుకే నాకెరుకున్నట్టు జేసిన."

నిజమే, ఆ మాట అన్నాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండానే అన్నాను. బడిలో ఎవరి పిల్లలో ఒకే ప్రశ్న పదిసార్లడిగినా ఓపిగ్గా చెబుతాను. ఇంకా కోపమొచ్చి గదిలోకి పోయి తలుపు దబ్బున వేసుకున్నాను.

పగడంలో ఇప్పుడు రెండు తలలే మిగిలాయి. అమ్మ ఆ డబ్బా వైపు పోవడం మానేసింది, దాన్ని గురించి అడగడం కూడా మానేసింది. నేను క్షమించమని ఇంకా అడగలేదు.