నలభై ఒకటో రోజు

మొన్న ఇక్కడ టాటానగర్‌లో కూరగాయలకని అగ్రికో పేట వైపు వెళ్తే ఒక బడి గోడకి కట్టిన గుడ్డ బ్యానరు కనిపించింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఫలానా సాయంత్రం ఇక్కడికి రావచ్చునని హిందీలో, దారినపోయే ప్రతివాడికీ కనబడేలా ఎర్రటి అక్షరాలతో రాశారు. సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా రోజుల్లో ఇలాంటి చోటొకటి ఉందని తెలియడానికే నా కాపురం వీధిన పడాల్సి వచ్చింది. తెలిశాక కూడా మనవాళ్ళెవరైనా చూస్తారేమోనని తల వంచుకుని సందుల్లోంచి వెళ్ళేవాణ్ణి.

ఎనభైల మొదట్లో మాట. కార్ఖానాలో క్రేను నడిపేవాణ్ణి. డ్యూటీ దిగితే తిన్నగా ఇంటికి చేరిన రోజు తక్కువ. ఒకనాడు మా ఆవిడ చంటిదాన్ని ఎత్తుకుని టాటానగర్‌లో రైలెక్కి టెక్కలిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను మానానని నమ్మకం కుదిరితేనే వస్తానని మా అక్కతో చెప్పి మరీ వెళ్ళింది. కోపంతో అరిచి వెళ్ళి ఉంటే తేలిగ్గా తీసుకునేవాణ్ణేమో, నెమ్మదిగా చెప్పి వెళ్ళిందని విన్నాకే నాకు భయం పట్టుకుంది.

అప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించినవాడు మా బావ, అంటే ఆ అక్క మొగుడు. ఈ ఊళ్ళోనే భుయ్యాడీహ్‌లో ఉండేవాడు. తనూ ఒకప్పుడు నాకంటే ఘనంగా తాగినవాడే. మానేసి రెండేళ్ళయిందని, అదంతా తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒక బళ్ళో ప్రతి గురువారం కలిసే సంఘం చలవేనని చెప్పి, సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పదిమంది పెద్దవాళ్ళు, బెంగాలీ, బిహారీ, సర్దార్జీ, ఒకరి తర్వాత ఒకరు లేచి తమ కథ తామే చెప్పుకునేవాళ్ళు. పక్కవాడి సంగతి ఎత్తకూడదన్నది అక్కడి నియమం. బావ లేచి రెండేళ్ళని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టేవారు, నేను మరీ గట్టిగా కొట్టేవాణ్ణి. మా నాన్న పోయాక నేను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

అక్కడివాళ్ళు ఇవాళ తాగలేదు, అంతే, రేపటి సంగతి రేపు అనేవారు. ఆ మాట మా తెలుగువాళ్ళకి ఎక్కలేదు. మావాళ్ళకి తెలిసిన నిష్ఠ మాల వేసుకునే దీక్షే. మండలం, అంటే నలభై రోజుల పాటు మందూ మాంసం ముట్టరు, మాల తీసిన మర్నాడు రెండూ మామూలే. నేను కూడా అదే తీరున రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. మా అక్క కూడా లెక్కపెట్టి, తమ్ముడు మారిపోయాడని టెక్కలికి ఉత్తరం రాసింది. నలభయ్యో రోజున మా ఆవిడ దిగింది. చంటిది నన్ను గుర్తుపట్టక ఏడ్చింది. ఆ ఏడుపు కూడా నాకు ముద్దుగానే ఉంది.

మర్నాడు ఆదివారం. అక్కావాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనాలు, మేకమాంసం, గారెలు. ఆడవాళ్ళు వంటింట్లో ఉండగా బావ నన్ను వెనక వరండాలోకి పిలిచి, బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తీసి రెండు గ్లాసుల్లో పోశాడు. నేను సీసా వంకా ఆయన వంకా చూశాను.

"ఏటిరా అలా చూత్తన్నావు? మండలం అయిపోనాది కదా, ఇంక తప్పు నేదు, తీసుకో."

మరి నీ రెండేళ్ళ మాటేమిటని అడిగాను. నవ్వాడు.

"మండలానికో పాలి దీక్ష ఒగ్గేత్తాను, మల్లీ మొదలెడతాను. మానీసిన రోజులన్నీ జోడ్ కే, కలిపి చూడు, రెండేళ్ళు అవదేటి?"

గ్లాసు అందుకున్నది నా చెయ్యే, కాదనను. బావ పోస్తుంటే అది తప్పెలా అవుతుందనుకున్నాను. సగం తాగేసరికి మా ఆవిడ విస్తరాకులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. విస్తరాకులు కింద పెట్టి, పిల్లని తీసుకుని, సాయంత్రం బండికే వెళ్ళిపోయింది. బావ స్టేషను దాకానైనా రాలేదు.

గురువారం ఒక్కణ్ణే నడిచి వెళ్ళాను. నా లెక్క ఇవాళ మళ్ళీ మొదటి రోజని చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత బావ లేచాడు, రెండేళ్ళ మీద రెండు నెలలన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నావైపు చూడనైనా చూడలేదు. పక్కవాడి సంగతి ఎత్తకూడదు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. అంత మోసం నా ఎదుటే జరుగుతుంటే నోరు మూసుకోవడం తాగుడు మానడం కంటే కష్టమైంది. ఆనాటి నుంచి మళ్ళీ ముట్టలేదు గానీ, బావ గుమ్మం కూడా మళ్ళీ తొక్కలేదు. ఆయన పోయినప్పుడు కూడా వీధిలోంచే దణ్ణం పెట్టి వచ్చేశాను.

మా ఆవిడ తిరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడంతా మారిపోయింది. తాగుడు ఒక జబ్బని డాక్టర్లే చెబుతున్నారు, సిగ్గుపడాల్సిన పని లేదని మా మనవరాలు కూడా హిందీలో నాకు పాఠం చెబుతుంది. మంచిదే, సంతోషమే. కానీ నలభై ఏళ్ళు గడిచిపోయినా, ఏ పెళ్ళిలోనో నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే, పంక్తికి అటుపక్క కూర్చున్న మా ఆవిడ మాట మధ్యలో ఆపి, నేను గ్లాసు దించేదాకా చూస్తుంది.